రాతికి పూసిన పువ్వు

రాతికి ఎక్కడైనా పువ్వు పూస్తుందా? 'పూయదు' అని తొందరపడి చెప్పకండి. ముందు మీ వంటింట్లోకి వెళ్ళి మసాలా దినుసుల డబ్బా మూత తీయండి. లవంగాలు, దాల్చినచెక్క, ఏలకులు, అనాసపువ్వు... వీటి నడుమ ఎండి ముడుచుకుపోయిన ఆకుల్లాంటి ముక్కలు కొన్ని ఉంటాయి. ఒక వైపు బూడిద రంగు, రెండో వైపు నలుపు. వేళ్ళతో నలిపితే పెళపెళ విరుగుతాయి. పచారీ కొట్లో మనం వీటిని 'రాతిపువ్వు' అని అడిగి తెచ్చుకుంటాం. మాంసం కూరకూ, బిర్యానీకీ వచ్చే ఆ ఘుమఘుమలో దీని వంతు కూడా ఉంది.

ఇది పువ్వు కాదు. ఆకు కాదు. బెరడూ కాదు. నిజం చెప్పాలంటే ఇది మొక్కే కాదు! మరి ఏమిటి? ఆ సంగతి తెలియాలంటే ఒక చలికాలపు ఉదయం మీరు నాతో కలిసి నడవాలి.

అరుగు మీది మరకలు

మాది కడప జిల్లా చాపాడు. ప్రొద్దుటూరు నుండి మైదుకూరు వెళ్ళే దారిలో వస్తుంది. కుందూ నది, కె.సి. కాలువ నీళ్ళతో పండే నేల మాది. ఇళ్ళ ముందు అరుగులకూ, గచ్చులకూ, దొడ్డి గోడలకూ అన్నింటికీ నాపరాయే. దేశమంతటా 'కడప బండలు' అని పేరు పొందినవి ఇవే.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు సంగతి. మా అక్క పిల్లలిద్దరూ సెలవులకు వచ్చారు. అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఏడో తరగతి. పండగకు ఇల్లు శుభ్రం చేస్తూ మా అమ్మ మనవడికి ఒక పని చెప్పింది. "అరుగు మీది మరకలు రుద్దిపెట్టు నాయనా, సున్నం కొట్టాల" అంది.

వాడు నీళ్ళు పోశాడు. కొబ్బరి పీచుతో రుద్దాడు. ఇటుక ముక్కతో తోమాడు. నడుమ బండలు తెల్లబడ్డాయి గాని, గోడ మూలనున్న బండ మీది మచ్చలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. బూడిద రంగువి కొన్ని, నల్లనివి కొన్ని, పసుపు కలిపిన సున్నం చిలికినట్లు నారింజ రంగువి కొన్ని. చివరికి వాడు లోపలికి పోయి కొడవలి తెచ్చుకున్నాడు.

"ఏంది మామా ఇవి? ఎంత రుద్దినా పోవడంల్యా! కాకిరెట్టలా?"

"ఆగబ్బా, గీకవద్దు. రేపు తెల్లవారుజామున నాతో కాలువ గట్టుకు రా. తిరిగొచ్చినాక కూడా గీకాలనిపిస్తే కొడవలి నేనే అందిస్తా" అన్నాను.

వాడు ఒప్పుకున్నాడు. ఒప్పందం కుదిరింది.

పుల్లటి మంచు

మర్నాడు ఇంకా మసక చీకటి ఉండగానే ముగ్గురం బయలుదేరాం. నా జేబులో ఒక భూతద్దం, లిట్మస్ కాగితాల పుస్తకం ఉన్నాయి. గట్టున గడ్డి అంతా తెల్లగా మెరుస్తూ ఉంది. కంచె ముళ్ళ నడుమ సాలెగూళ్ళు ముత్యాల వలల్లాగా వేలాడుతున్నాయి. నిన్న మధ్యాహ్నం అదే దారిన పోయినప్పుడు వాటిలో ఒక్కటైనా మా కంట పడలేదు. రోజూ అక్కడే ఉన్నాయి. వాటిని చూపడానికి మంచు బిందువులు కావలసివచ్చాయి.

ఈ మంచు ఎక్కడి నుండి పడుతుంది? నిజానికి ఇది ఎక్కడి నుండీ 'పడదు'. చలికాలంలో మబ్బులేని రాత్రి నేల, ఆకులు, రాళ్ళు తమ వేడిని ఆకాశంలోకి విడిచిపెట్టి చల్లబడతాయి. వాటిని తాకిన గాలి కూడా చల్లబడుతుంది. చల్లని గాలి ఎక్కువ నీటి ఆవిరిని తనలో ఉంచుకోలేదు. మిగిలిన ఆవిరి అక్కడికక్కడే నీటి బొట్లుగా మారుతుంది. చల్లటి నీళ్ళు పోసిన గ్లాసుకు బయట చెమట పట్టినట్లే ఇది కూడా.

నల్లరేగడి చేలో శనగ పంట కాయ పట్టి ఉంది. ఒక ఆకు మీది నీటి బొట్టుకు నీలి లిట్మస్ కాగితం తాకించమన్నాను. తాకించీ తాకించగానే కాగితం ఎర్రబడింది! పక్కనున్న గడ్డిపోచ మీది బొట్టుకు మరొక కాగితం తాకించాడు. అది నీలంగానే ఉండిపోయింది.

"రెండూ మంచు నీళ్ళే కద మామా?" అంది అమ్మాయి.

అవును, రెండూ మంచు నీళ్ళే. కాని శనగ మొక్క ఒళ్ళంతా సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు కొనల నుండి మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం ఊరుతాయి. పంటను పురుగుల నుండి కాపాడడంలో వాటికి కొంత పాత్ర ఉంది. రాత్రి కురిసిన మంచు ఆ ఆమ్లాలను కరిగించుకొని పుల్లబడుతుంది. మన దేశంలో పూర్వం రైతులు రాత్రిపూట శనగ చేల మీద పలుచని గుడ్డ పరచి, తెల్లవారి దాన్ని పిండి ఆ పులుపు నీటిని మందులలో వాడుకొనేవారు. మీరు మాత్రం నాలుకతో రుచి చూడకండి. చేనుకు పురుగుమందు కొట్టి ఉండవచ్చు. లిట్మస్ కాగితం చాలు.

అప్పుడు నేను పిల్లలను ఒక ప్రశ్న అడిగాను. "శనగ ఆకు పులుపును పట్టి ఇచ్చిన ఈ కాగితానికి ఆ నీలి రంగు ఎక్కడ నుండి వచ్చిందో తెలుసా?"

ఇద్దరూ తెల్లమొహం వేశారు. మీ బడి ప్రయోగశాలలో ఎన్నోసార్లు మీరు వాడిన లిట్మస్ రంగును కొన్ని వందల సంవత్సరాలుగా తీస్తున్నది 'రోసెల్లా' వంటి కొన్ని జీవుల నుండి. సముద్రతీరపు రాళ్ళ మీదా, చెట్ల బెరడు మీదా పెరిగే ఆ జీవులను అమోనియాతోనూ, సున్నంతోనూ కలిపి పులియబెడితే ఆ రంగు దిగుతుంది. ఆ రోసెల్లా, మసాలా డబ్బాలోని రాతిపువ్వు, మా అరుగు మీది మరకలు... ఇవన్నీ ఒకే రకమైన జీవులు. వాటినే లైకెన్లు అంటారు. మన ఆయుర్వేదంలో రాతిపువ్వుకు 'శైలేయం' అని పేరు. శిల నుండి పుట్టినది అని అర్థం.

పేరు ఒకటి, జీవులు రెండు

లైకెన్ ఒక్క జీవి కాదు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేస్తే లైకెన్ అవుతుంది.

శిలీంధ్రం అంటే కుక్కగొడుగు, రొట్టె మీది బూజు జాతి. దానికి ఇల్లు కట్టుకోవడం తెలుసు. సన్నని పోగులతో రాతిని పట్టుకోగలదు, నీటిని పీల్చి నిలుపుకోగలదు. కాని దానికి పత్రహరితం లేదు. అందుచేత ఎండను ఉపయోగించి ఆహారం తయారుచేసుకోలేదు. శైవలం అంటే చెరువు నాచు, తొట్టిలో పట్టే పాచి జాతి. దానికి వంట బాగా వచ్చు. ఎండ, నీరు, గాలిలోని కార్బన్ డయాక్సైడు ఉంటే చక్కెరలు వండిపెడుతుంది. కాని ఎండకు కాలే బండ మీద ఒంటరిగా అది ఎక్కువ కాలం నిలవలేదు.

ఇల్లు ఉన్నవాడికి తిండి లేదు. వంట వచ్చినవాడికి నీడ లేదు. ఇద్దరూ కలిశారు. శిలీంధ్రపు పోగులు అల్లిన పొర కింద శైవలం భద్రంగా దాక్కుంటుంది. తాను వండిన దానిలో కొంత శిలీంధ్రానికి పెడుతుంది. కొన్ని లైకెన్లలో ఆకుపచ్చ శైవలానికి బదులు సయనోబాక్టీరియా ఉంటాయి. పాత పాఠ్యపుస్తకాలలో వీటినే నీలి ఆకుపచ్చ శైవలాలు అనేవారు.

ఈ రహస్యాన్ని 1867లో బయటపెట్టినవాడు స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్. ఆయన మాటను ఆనాటి లైకెన్ నిపుణులు చాలామంది నమ్మలేదు సరికదా, ఎగతాళి చేశారు. ఒక జీవి రెండు జీవులెలా అవుతుందని వారి వాదన. కాని సూక్ష్మదర్శినిలో కనిపించే దాన్ని ఎంతకాలం కాదనగలరు? 1879లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ ఇటువంటి కలిసిమెలిసి బ్రతకడాన్ని గూర్చి ఒక పుస్తకం వెలువరించాడు. మీరు జీవశాస్త్రంలో చదివే 'సహజీవనం' అనే మాటకు ఆ విధంగా లైకెన్లే ప్రసిద్ధమైన ఉదాహరణ అయ్యాయి.

కథ అక్కడితో ముగియలేదు. 2016లో కొందరు శాస్త్రజ్ఞులు కొన్ని లైకెన్ల పై పొరలో మూడో జీవి కూడా ఉన్నట్లు చూపారు. అది ఈస్టు జాతికి చెందిన మరో శిలీంధ్రం. నూటయాభై ఏళ్ళుగా భూతద్దాలతో, సూక్ష్మదర్శినులతో చూస్తున్నవారికి కూడా కనిపించని అతిథి ఒకరు ఆ ఇంట్లో దాగి ఉన్నారన్నమాట!

రాయి మేలుకొనే వేళ

సూర్యుడు మూరెడు పైకి వచ్చేసరికి ఇంటికి తిరిగి వచ్చాం. మా దొడ్డి చుట్టూ నిలువుగా పాతిన నాపబండలు ఉన్నాయి. తూర్పు వైపు ఎండ తగిలి బండలు పొడిగా ఉన్నాయి. పడమటి వైపు ఇంకా తడి ఆరలేదు. రెండు వైపులా మచ్చలను పోల్చి చూడమన్నాను.

"ఈ పక్కవి బూడిద రంగు. ఆ పక్కవి కొంచెం పచ్చగా ఉన్నాయి" అంది అమ్మాయి.

ఎండిన మచ్చ ఒకదాని మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి చూడమన్నాను. భూతద్దం కింద అది నెమ్మదిగా రంగు మారింది. బూడిద రంగు తొలగి లోపలి నుండి పచ్చదనం తొంగిచూసింది. అబ్బాయి నోరు తెరిచాడు. "ఇది బతికే ఉంది మామా!" అన్నాడు.

జరిగినది ఇది. లైకెన్ పై పొర ఎండినప్పుడు మసకబారిన అద్దంలా ఉంటుంది. తడిసినప్పుడు పారదర్శకమవుతుంది. లోపల దాగిన శైవలపు పచ్చదనం పైకి కనిపిస్తుంది. వెలుతురు లోపలికి పోతుంది. వంట మొదలవుతుంది. లైకెన్‌కు వేళ్ళు లేవు, నీటిని దాచుకొనే కాండం లేదు. తడి ఉన్నంతసేపే దాని పని. ఎండ ముదిరి తడి ఆరగానే అది పని కట్టిపెట్టి నిద్రపోతుంది. మనం నడివేసవిలో 'ఎండిపోయిన మచ్చ' అనుకొనేది చచ్చినది కాదు. నీటి కోసం ఎదురుచూస్తున్నది.

మన రాయలసీమ వంటి వానలు తక్కువ ప్రాంతంలో ఈ మంచు ఎంత విలువైనదో ఊహించండి. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒట్టో లాంగె, ఆయన సహచరులు ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో లైకెన్లను పరిశీలించారు. రాత్రి కురిసే మంచుతోనే అవి తెల్లవారిన తరువాత కొద్ది గంటలు ఆహారం తయారుచేసుకుంటాయని 1970 నాటికే చూపారు. ఆకుపచ్చ శైవలం ఉన్న లైకెన్లకు నీటి బొట్టు కూడా అక్కరలేదనీ, తేమగాలి చాలుననీ 1986లో తెలిపారు. సయనోబాక్టీరియా ఉన్నవాటికి మాత్రం నిజమైన నీరే కావాలి. అందుకనే లైకెన్లను చూడడానికి చలికాలపు ఉదయం మంచి సమయం. మనం దుప్పటి ముసుగు తీయకముందే మన అరుగు రాయి మేలుకొని, వంట ముగించుకొని, మళ్ళీ పడుకొంటుంది!

ఈ నిద్ర ఎంత గట్టిదో తెలుసా? 2005లో యూరప్ అంతరిక్ష సంస్థ వారు రెండు జాతుల లైకెన్లను రష్యా ఉపగ్రహంలో అంతరిక్షానికి పంపారు. గాలి లేని చోట, సూర్యుని తీవ్రమైన అతినీలలోహిత కిరణాలకు ఎదురుగా సుమారు 15 రోజులు ఉంచారు. తిరిగి వచ్చాక నీరు తగిలితే అవి మళ్ళీ పని ప్రారంభించాయి.

నాపరాయి, ఎర్రరాయి

ఆకారాన్ని బట్టి లైకెన్లను ముఖ్యంగా మూడు రకాలుగా గుర్తుపట్టవచ్చు. రాతికి పెచ్చులా అతుక్కుపోయి గోటికి రానివి ఒక రకం. మా అరుగు మీదివి ఇవే. ఆకులా అంచులు లేచి ఉండేవి రెండో రకం. మసాలా రాతిపువ్వు ఈ రకానిది. చిన్న పొదలా నిలబడేవి, గడ్డంలా వేలాడేవి మూడో రకం. ఇవి చల్లని, తేమ గల కొండలలో ఎక్కువ. ప్రపంచంలో సుమారు 20,000 జాతుల లైకెన్లు ఉన్నాయి. మన దేశంలోనే రెండున్నర వేలకు పైగా గుర్తించారు. లక్నో విశ్వవిద్యాలయంలో పనిచేసిన డి. డి. అవస్థి గారు మన దేశపు లైకెన్ల పరిశోధనకు పునాది వేసినవారిలో ప్రముఖులు.

ఏ రాతి మీద ఏ లైకెన్ పెరుగుతుందన్నది ఆ రాతి గుణాన్ని బట్టి ఉంటుంది. మా నాపరాయి సున్నపురాయి. ఒక పెంకు ముక్కను పొడిచేసి నిమ్మరసం వేసి చూడండి, బుడగలు వస్తాయి. జమ్మలమడుగు దాటి గండికోటకు వెళితే పెన్నా నది లోయకు రెండు వైపులా ఎర్రని రాతి గోడలు ఉంటాయి. అది ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్జైటు. దాని మీద నిమ్మరసం వేసినా చలించదు. సున్నపురాతిని ఇష్టపడే లైకెన్లు సాధారణంగా ఇటువంటి రాతి మీద ఉండవు, ఇక్కడివి అక్కడ ఉండవు. అందుచేత గండికోటకు విహారయాత్రకు వెళ్ళినప్పుడు లోయను చూడడంతో సరిపెట్టకండి; కాలి పక్కనున్న రాతిని కూడా ఒక నిమిషం చూడండి.

పులివెందుల వైపు వెళితే మరొక వింత ఉంది. ఆ ప్రాంతంలో వేంపల్లె పేరనే ఒక రాతి పొర ఉంది. అందులో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్లు పొరలు పొరలుగా గుండ్రని గుర్తులు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. దాదాపు 190 కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉన్నప్పుడు సయనోబాక్టీరియా కట్టిన పొరలివి. ఆ వంశపు జీవులే నేడు కొన్ని లైకెన్లలో వంట చేస్తున్నాయి. మన జిల్లాలో రాతికీ, ఈ సూక్ష్మజీవులకూ ఉన్న స్నేహం అంత పాతది.

నెమ్మదిగా, చాలా నెమ్మదిగా

"సరే మామా, ప్రాణం ఉంది. గీకినా మళ్ళీ పెరుగుతుంది కదా, గడ్డి మాదిరి?" అని అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న.

పెరుగుతుంది. కాని ఎంత వేగంగా? పెచ్చు రకం లైకెన్లు చాలావరకు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు, లేదా అంతకన్న తక్కువ పెరుగుతాయి. ఒక లెక్క వేద్దాం. అరుగు మూలన ఉన్న పెద్ద మచ్చను స్కేలుతో కొలిస్తే అడ్డం 5 సెంటీమీటర్లు ఉంది. నడుమ నుండి అంచుకు 25 మిల్లీమీటర్లు. ఏడాదికి అర మిల్లీమీటరు చొప్పున అంచు జరుగుతుందనుకొంటే దాని వయస్సు 50 ఏళ్ళు! మా నాన్న ఆ అరుగు వేయించి అరవై ఏళ్ళు దాటింది. లెక్క వీలుగానే ఉంది. కె.సి. కాలువ తవ్వకం 1863లో ప్రారంభమైంది. ఆ ఏడాది ఒక రాతి మీద మొలిచిన లైకెన్ ఇదే చొప్పున పెరిగితే నేటికి అడ్డం 16 సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు కూడా ఉండదు.

ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు రోలాండ్ బెషెల్ 1950లో ఈ లెక్కనే ఒక సాధనంగా మార్చాడు. కరిగి వెనక్కు తగ్గిన హిమానీనదాలు విడిచిపోయిన రాళ్ళు ఎంత కాలంగా బయటపడి ఉన్నాయో వాటి మీది లైకెన్లను కొలిచి అంచనా వేయవచ్చునని చూపాడు. అయితే ఒక జాగ్రత్త. లైకెన్ పెరిగే వేగం దాని జాతిని బట్టి, ఎండను, తేమను బట్టి మారుతుంది. కనుక మా అరుగు మచ్చకు 50 ఏళ్ళు అన్నది అంచనా మాత్రమే. నిజమైన వేగం తెలియాలంటే ఏటేటా కొలవాలి.

లైకెన్లు రాతిని ఊరికే పట్టుకొని ఉండవు. శనగ ఆకులో చూశామే, ఆ ఆక్సాలిక్ ఆమ్లం, అటువంటిదే మరికొన్ని ఇవి కూడా విడుదల చేస్తాయి. వాటివల్లా, పోగుల ఒత్తిడివల్లా రాతి పై పొర కొద్దికొద్దిగా పొడి అవుతుంది. ఆ పొడిలో దుమ్ము, తేమ చేరి నాచు మొక్కలు, తరువాత గడ్డి మొలుస్తాయి. వట్టి రాతి మీద మట్టికి మొదటి పిడికెడు కూర్చేవారిలో లైకెన్లు కూడా ఉన్నాయి. ఇదే కారణం వల్ల పాత గుళ్ళ శిల్పాలను కాపాడేవారు కొన్నిచోట్ల లైకెన్లను తొలగిస్తారు. కాని ఆ పని నిపుణులు మాత్రమే చేయాలి. కొడవలితో గీకితే లైకెన్‌తో పాటు రాయి కూడా లేచి వస్తుంది.

గాలిని చదివి చెప్పే మచ్చలు

లైకెన్‌కు వేళ్ళు లేవన్నాం కదా! తిండికి కావలసిన లవణాలు కూడా చాలావరకు గాలి నుండి, వాన నుండి, మంచు నుండి ఒళ్ళంతా పీల్చుకొంటుంది. మొక్కల ఆకులకు ఉండే మైనపు పొర దీనికి లేదు. గాలిలో మంచి ఉంటే మంచి, విషం ఉంటే విషం, ఏదైనా లోపలికే. అందుకే గాలి చెడితే చాలా లైకెన్లు ముందుగా దెబ్బ తింటాయి.

దీన్ని మొదట గమనించినవారిలో విలియం న్యులాండర్ ఒకడు. పారిస్ నగరంలో లక్సెంబర్గ్ తోట చెట్ల మీద ఉన్న లైకెన్లు నగరంలో మరెక్కడా అంతగా లేకపోవడాన్ని ఆయన 1866లో తెలిపాడు. నగరంలో ఆ తోట గాలి మంచిదని లైకెన్లే చెబుతున్నాయని గ్రహించాడు. విచిత్రం ఏమిటంటే, ఇంత చురుకైన కన్ను గల ఈయనే ష్వెండెనర్ మాటను చివరి వరకూ ఒప్పుకోలేదు!

తరువాత 1970లో ఇంగ్లండులో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు చెట్ల మీది లైకెన్ల జాతులను చూసి గాలిలో సల్ఫర్ డయాక్సైడు ఎంత ఉందో అంచనా కట్టే పట్టికను తయారుచేశారు. బొగ్గు పొగ తగ్గిన తరువాత అక్కడి నగరాలలోకి లైకెన్లు తిరిగి వచ్చాయి కూడా.

మన సంగతి ఏమిటి? ఎర్రగుంట్ల పరిసరాలలో సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ముద్దనూరు సమీపంలో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉంది. ప్రొద్దుటూరు వీధులలో వాహనాల పొగ ఉంది. సిమెంటు దుమ్ముకు సున్నపు గుణం ఉంటుంది. అది చెట్టు బెరడు మీద పేరుకొంటే బెరడు గుణమే మారి, అక్కడ పెరిగే లైకెన్లు కూడా మారిపోతాయి. మన చింత, వేప, మామిడి చెట్ల మీద ఏ మార్పు వచ్చిందో చూడడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఓపిక గల కళ్ళు చాలు. ఆ కళ్ళు మీకు ఉన్నాయి.

మీరే చేసి చూడండి

ఒకటి: మసాలా డబ్బాలోని రాతిపువ్వు ముక్కను ఒక పళ్ళెంలో పెట్టి నీళ్ళు చిలకరించండి. పెళుసు ముక్క ఎంతసేపటికి మెత్తబడుతుందో, రంగులో మార్పు ఏమైనా ఉందో రాసుకోండి. అంచులను భూతద్దంతో చూడండి.

రెండు: మీ ఇంటి దగ్గర లైకెన్ ఉన్న బండ ఒకటి ఎన్నుకోండి. మచ్చ మీద పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి పెన్నుతో అంచు గీయండి. తేదీ వేసి దాచండి. వచ్చే ఏడాది అదే నెలలో మళ్ళీ గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి.

మూడు: ఊళ్ళో రోడ్డు పక్కన ఐదు వేప చెట్లు, పొలాల నడుమ ఐదు వేప చెట్లు ఎంచుకోండి. మీ ఛాతీ ఎత్తులో బెరడు మీద లైకెన్ మచ్చలు లెక్కపెట్టండి. రంగు, ఆకారం రాయండి. రెండు చోట్లా ఒకే రకం చెట్లు, ఒకే వైపు చూడడం ముఖ్యం. ఒకచోట తక్కువ ఉన్నాయి గదా అని వెంటనే గాలి చెడిందని తీర్పు చెప్పకండి. ఎండ, బెరడు, తేమ, చెట్టు వయస్సు కూడా కారణాలు కావచ్చు. ఒక్కొక్క కారణాన్నీ విడదీసి చూడడమే శాస్త్రం.

ఏ పరీక్షకూ లైకెన్‌ను గీకి తీయవలసిన పని లేదు. చూడండి, కొలవండి, బొమ్మ గీయండి, అక్కడే ఉంచండి.

కొడవలి సంగతి

మా ఒప్పందం గుర్తుంది కదా? ఆ పొద్దున నేను కొడవలి తెచ్చి అబ్బాయి ముందు పెట్టాను. వాడు దాన్ని ముట్టుకోలేదు. వాళ్ళ అవ్వ దగ్గరకు పోయి, అరుగు మూల బండ మీద తన తల్లి వయస్సు కంటే పెద్ద ప్రాణి ఒకటి ఉందని చెప్పాడు. నీళ్ళ చుక్కలు వేసి పచ్చదనం చూపించాడు.

మా అమ్మ కళ్ళద్దాలు సర్దుకొని చాలాసేపు వంగి చూసింది. "మీ తాత కూర్చునే మూల అది. ఆయన పోయినాక అక్కడ ఎవరూ కూర్చోలేదు. అందుకే పెరిగినట్లుంది" అంది. కాసేపాగి, "ఆ బండ అట్లే ఉండనీ. తక్కినవాటికి సున్నం కొడతా" అంది.

ఆ ఏడు పండగకు మా అరుగంతా తెల్లగా మెరిసింది, ఒక్క మూల తప్ప. దాని అంచు గీసిన ప్లాస్టిక్ కాగితం అబ్బాయి నోటుపుస్తకంలో తేదీతో సహా ఉంది. వచ్చే సంక్రాంతికి వాడు స్కేలు పట్టుకొని వస్తాడు. బహుశా అర మిల్లీమీటరు తేడా ఉంటుంది. అంత చిన్న తేడాను చూడడానికి ఏడాది ఆగగలిగినవాడికి ఇంకా ఎన్నో కనిపిస్తాయి.

రేపు ఉదయం మీరు కూడా కొంచెం ముందుగా లేవండి. తడి ఆరకముందే మీ ఊరి బండలను ఒకసారి పలకరించి రండి.